వేరా బిల్లుకు పుట్టిన తమ్ముడు

జనవరి 9, 2024, మంగళవారం

బడ్జెట్ తయారుచేసే ముందు ప్రజల సలహాలు కావాలని మున్సిపాలిటీ వాళ్లు పేపర్లో వేయించారు. అడిగారు కదా అని కూర్చుని మూడు రాసి పంపాను. ఒకటి: ఊళ్లో వంతెనలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి, ఒక్క ఏడాది వంతెనలు కట్టడం ఆపండి. రెండు: కూడళ్లలో ఫౌంటెన్లు ఎగరేసే ముందు మా ఉధ్నా గల్లీలో నల్లా నీళ్లు రెండో అంతస్తు దాకా ఎక్కేటట్టు చూడండి. మూడు: నిజాయితీగా ఇంటి పన్ను కట్టేవాళ్లను ఏడాదికొకసారి పిలిచి శాలువా కప్పండి.

మూడోది చదివి వినిపిస్తే ప్రమీల పడీపడీ నవ్వింది. కట్టుకున్న పెళ్లాం అంత నవ్వాల్సిన అవసరం లేదు.

"నీకే కప్పుతరా ఏంది శాలువా?"

"ఎందుకు కప్పొద్దు? ఒక్క ఏడన్న బాకీ పెట్టిన్నా?"

"పెట్టలే. పైన అర్రల ముగ్గురు కిరాయికుంటుంటే, ఇల్లంత మేమే ఉంటున్నమని రాసిచ్చి కట్టినవ్. గదేగా నీ నిజాయితీ?"

పై గది కూడా ఒక గదేనా? పది బై పది, మీద రేకులు. మగ్గాల కారఖానాలో పనిచేసే మన తెలంగాణ వాళ్లు ముగ్గురు పడుకుంటారు, అంతే. సొంతానికి ఉంటే ఒక వేరా, కిరాయికిస్తే అంతకంటే ఎక్కువ వేరా అట. ఇంటి పన్నుకు ఈ సూరత్‌లో వేరా అని పేరు పెట్టినవాడు ఎవడో గానీ, అది ప్రతి ఏటా నా ప్రాణానికే వస్తుంది.

"అసలు ఈ మున్సిపాలిటీ నాకేమిచ్చింది?" అన్నాను.

"ఏడో తరగతి దాంక తెలుగు బడి ఇచ్చింది. ఫీజు లేకుంట. డైరీల నన్ను తిట్టుకుంట రాస్తవు గదా, గా తెలుగు యాడ నేర్చినవ్ మరి?"

ఇకనుంచి డైరీ బీరువాలో పెట్టి తాళం వేయాలి.

జనవరి 13

మనం వాడి వదిలిన నీళ్లను శుభ్రం చేసి మిల్లులకు అమ్ముతున్నారట. ఏటా కోట్లు వస్తున్నాయట. అంటే నేను స్నానం చేస్తే వాళ్లకు ఆదాయం. ఇందులో నా వాటా సంగతి ఎవరూ మాట్లాడరు. నాలుగో సలహాగా పంపాలి.

జనవరి 18, గురువారం

అన్నం ముందు కూర్చున్నానో లేదో, మున్సిపాలిటీ నుంచి ఇళ్ల సర్వే అతను దిగాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, మాటకు ముందు "కాకా, కాకా" అని మర్యాద. కింది గదులు కొలిచాడు. మంచినీళ్లు తాగాడు. నేను చెయ్యి కడుక్కునేలోపల మెట్లెక్కేశాడు.

పైన రాజలింగం ఒక్కడే ఉన్నాడు. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్న మనిషి, లుంగీ సర్దుకుంటూ లేచాడు. మిగతా ఇద్దరూ, ఆగయ్య, లింగం, పనికి వెళ్లి ఉండటం నా అదృష్టం.

"ఈయన ఎవరు కాకా?" అని గుజరాతీలో అడిగాడు సర్వే అతను.

"మా తమ్ముడు" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"సగా భాయ్?"

"సగా భాయ్. ఒక తల్లి కడుపున పుట్టినం."

రాజలింగం నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత చేతులు జోడించి "రాం రాం సాబ్, మా అన్ననే" అని హిందీలో చెప్పాడు. మా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు, ఎక్కడ తలూపాలో తెలుసు.

ఆధార్ కార్డులు చూసి అతను ఆగిపోయాడు. "ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయే?"

ఇక్కడ నన్ను నేను మెచ్చుకోవాలి. తడుముకోలేదు. మా తెలంగాణలో పిల్లలు లేని మేనమామకు ఒక కొడుకును దత్తత ఇచ్చే ఆచారం ఉందని, అలా వీడికి మేనమామ ఇంటిపేరు వచ్చిందని, మేనమామ పోయాక నా దగ్గరికే తిరిగొచ్చాడని చెప్పాను. మేనమామ చావు గురించి చెప్పేటప్పుడు గొంతు కూడా కొంచెం తగ్గించాను. "మా వైపు కూడా ఉంది కాకా ఆ పద్ధతి" అంటూ అతను టకటకా కొట్టేసుకున్నాడు. మూడు పరుపులు ఎందుకంటే ఊరి నుంచి చుట్టాలు వస్తారన్నాను. రాజలింగం ట్యాబు మీద వేలితో సంతకం పెట్టాడు.

అతను గల్లీ దాటాక రాజలింగం మెట్ల మీద కూలబడ్డాడు.

"అన్నా, గీ ముచ్చట మా అవ్వకు ఎర్కనా? నన్ను ఏ ఏడు దత్తతిచ్చిండ్రే?"

జనవరి 19

ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి. నిన్న నేను ఆడింది అబద్ధం కాదు. అతను నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఉధ్నాలో మనవాళ్లలో సగం మంది ఒకరికొకరు బావలు, మిగిలిన సగం మామలు. ఇంత చుట్టరికం ట్యాబులో రాసుకునే చోటు లేకపోతే తప్పు నాదా?

మేనమామ సంగతి మాత్రం కొంచెం ఎక్కువైంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

పొద్దున్నే రాజలింగం టేపు పట్టుకుని మెట్లు కొలుస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ రా?"

"నా వాటా కొలుసుకుంటున్న అన్నా. సర్కార్ ల సంతకం పెట్టిన గదా. జర నువ్వే చెప్పు, మెట్లు నువ్వు తీసుకుంటవా, నన్ను తీసుకోమంటవా?"

ప్రమీల వంటింట్లోంచి "మరిదికి ముందు చాయ్ పోయనియ్యి, పంపకాలు తర్వాత" అంది. ఇద్దరూ ఒక జట్టు. కిరాయి డబ్బు చేతిలో పెడుతూ కూడా ఊరుకోలేదు వాడు. "తమ్ముడు అన్నకు కిరాయి కడ్తడని బయట ఎవ్వలకు చెప్పకు, నీ ఇజ్జత్ పోతది" అన్నాడు.

ఫిబ్రవరి 11

బడ్జెట్ పేపర్లో వచ్చింది. వేల కోట్లు. ఎన్ని సున్నాలో వేలు పెట్టి లెక్కపెట్టాను, మూడుసార్లు మూడు రకాలుగా వచ్చింది. రోడ్లు, నీళ్లు, బస్సులు, దవాఖానాలు, పేదలకు ఇళ్లు, మళ్లీ వంతెనలు. శాలువాల పద్దు ఎక్కడా లేదు.

ఒకప్పుడు ఊరి పొలిమేరలో జకాత్ నాకాలు ఉండేవి. నూలు లారీ వస్తే ఆపి పన్ను కట్టించుకునేవాళ్లు. నాన్న ఆ లారీల వెంట తిరిగేవాడు. నాకాలు ఎత్తేశాక ఆ భారం కూడా మా ఇంటి గోడల మీదే పడిందని నా అనుమానం. ప్రమీల మాత్రం "గా వేల కోట్లల్ల నీది ఎంత? చిటికెడు ఉప్పంత ఉంటదా?" అంది. ఉప్పు తక్కువైతే కూర ఎలా ఉంటుందో ఆమెకు తెలియదా?

ఏప్రిల్ 22

వేరా బిల్లు వచ్చింది. ఒక్క రూపాయి పెరగలేదు! అందరికీ వేడివేడి శనగపిండి లోచో తెప్పించాను. రాజలింగం రెండు ప్లేట్లు లాగించి, "దొంగలెక్కల లోచో మస్తుంటదే అన్నా" అన్నాడు. తింటే తిన్నాడు, మాట అనకుండా ఉంటే బాగుండేది.

జూన్ 16, ఆదివారం

రాజలింగం ఒక ఫారం తెచ్చి చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు లేని పేదల కోసం మున్సిపాలిటీ కట్టిన ఫ్లాట్లలో కొన్ని మిగిలాయట. దరఖాస్తు పెట్టుకుంటే చిట్టీలు తీస్తారట. ధర తక్కువ, బ్యాంకు వాయిదాల్లో కట్టుకోవచ్చు.

"భూదేవిని తెచ్చుకుంట అన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

భూదేవి అతని భార్య. సిరిసిల్ల దగ్గర ఊళ్లో కిరాయి ఇంట్లో ఉంటూ బీడీలు చేస్తుంది. ఇరవై రెండేళ్లలో అతను ఏడాదికి రెండుసార్లు వెళ్లి వస్తాడు, ఆమె ఒకే ఒక్కసారి ఇక్కడికి వచ్చింది. ముగ్గురు మగాళ్లుండే గదిలో ఆడమనిషి ఎక్కడ ఉంటుంది? కింద మా వంటింట్లో నాలుగు రోజులు పడుకుని వెళ్లిపోయింది. కూతురు పెళ్లి కూడా అయిపోయింది. ఇంకా ఫోన్లోనే కాపురం.

ఫారం నేనే నింపాను. గుజరాతీ అక్షరాలు నావి బాగుంటాయి. "దేశంలో ఎక్కడైనా సొంత ఇల్లుగానీ కుటుంబ వాటాగానీ ఉందా?" అన్న చోట "లేదు" అని అందంగా రాశాను.

ఆగస్టు 23, శుక్రవారం

రాజలింగం నంబరు తగిలింది! వాడు కారఖానా నుంచి అలాగే పరుగెత్తుకొచ్చాడు, నెత్తి నిండా దూది. నా కాళ్లకు మొక్కబోతే తిట్టాను. భూదేవికి ఫోన్ చేసి "వచ్చిందే, వచ్చిందే" అని అదే మాట అంటాడు తప్ప ఏం వచ్చిందో చెప్పడు. చివరికి ప్రమీల ఫోన్ లాక్కుని చెప్పింది.

నాకు చాలా సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

సెప్టెంబర్ 3

రాజలింగానికి మా ఇంటికి ఉత్తరం వచ్చింది. చదివి పెట్టమని నాకే ఇచ్చాడు. ఇళ్ల సర్వే రికార్డు ప్రకారం దరఖాస్తుదారుడు ఇంటి యజమాని శ్యాంసుందర్ గారి సొంత తమ్ముడు, ఉమ్మడి కుటుంబంగా సొంతింట్లో ఉంటున్నాడు. కనుక అర్హత లేదు. పదిహేను రోజుల్లోగా, అంటే పద్దెనిమిదో తేదీలోగా, దీనికి విరుద్ధంగా రుజువు చూపకపోతే ఫ్లాటు వెయిటింగ్ లిస్టులో ఉన్న తర్వాతి వాళ్లకు పోతుంది.

"ఏం రాసిండ్రన్నా?"

"ఏదో కాగితాల పని. నేను చూసుకుంట" అన్నాను.

సెప్టెంబర్ 4

తలనొప్పి.

సెప్టెంబర్ 7, శనివారం

వినాయక చవితి. ఇలాంటి పండగ రోజుల్లో ఆఫీసుకు వెళ్లడం దండగ.

ప్రమీల ఉత్తరం చదివించుకుంది, తర్వాత రాజలింగానికి తనే చెప్పేసింది. నేను వార్డు ఆఫీసుకు వెళ్లి, అతను తమ్ముడు కాదు కిరాయిదారు అని రాసిస్తే సరిపోతుందట. అంత తేలికా? ఎన్నేళ్ల నుంచి కిరాయి అని అడుగుతారు. పాత వేరా, దాని మీద వడ్డీ, దాని మీద జుర్మానా. అసలు ట్యాబులో ఎక్కించింది వాళ్లు. రుజువు చూడకుండా దత్తత నమ్మేసింది వాళ్లు. అలాంటి సర్వేలకా ఇంత డబ్బు ఖర్చు?

సెప్టెంబర్ 10

వాన. తాపీ నదిలో నీళ్లు పెరిగాయంటున్నారు. వెళ్లలేదు.

రాజలింగం ఒక్క మాట అడగడు. అదే నాకు మంట. అడిగితే నాలుగు చీవాట్లు పెట్టి నా దారిన నేను ఉండేవాణ్ణి. ఈవేళ చాయ్ తాగుతూ, "పోనీ తియ్ అన్నా. ఇరవై రెండేండ్లున్న, ఇంకో రెండేండ్లుంటే ఏమైతది? మళ్ల ఎప్పుడన్న చిట్టీలు తీస్తరు" అన్నాడు. గ్లాసు తనే కడిగి పెట్టి పైకి వెళ్లాడు.

వాడికి పౌరుషం లేదు.

సెప్టెంబర్ 13

భూదేవి ఫోన్ చేసింది, రాజలింగానికి కాదు, నాకు.

"బావా, బీడీ కంపెనీల కార్డు వాపస్ ఇచ్చిన. ఆకు, తంబాకు అన్నీ అప్పజెప్పిన. మళ్ల ఇయ్యరంట, ఇగ అయిపోయింది. గిన్నెలు ఏమేం తేవాల్నో అక్కను అడిగి చెప్పుండ్రి. ఆయన ఫోన్ల ఊకె ఆగు, ఆగు అంటుండు. మీరుండంగ నాకేం భయం బావా?"

ఆమెకు ఉత్తరం సంగతి వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రొట్టె పెనం ఇక్కడ ఉందిలే, తేవద్దు అన్నాను.

సెప్టెంబర్ 14, శనివారం

డబ్బు కాదు. లెక్క వేసి చూశాను, ఎంతైనా కట్టగలను.

రాజలింగం వెళ్లిపోతాడు. అదీ సంగతి. పొద్దున షిఫ్ట్ దిగి వచ్చి చెప్పులు విడిచే చప్పుడు, ఆ చాయ్, ఆ వెక్కిరింపు, ఏదీ ఉండదు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఉత్తరం వచ్చిన రోజు, చదువుతూ చదువుతూ, లోపల ఎక్కడో "పోనీ, ఉంటాడు" అనిపించింది. అది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నేను ఇంత చెడ్డవాణ్ణని నాకు తెలియదు.

సోమవారం పొద్దున్నే వెళ్తాను.

సెప్టెంబర్ 16, సోమవారం

వెళ్లాను. మిలాదున్నబీ సెలవు. రేపు నిమజ్జనం, రేపూ సెలవే! ఇక మిగిలింది ఒక్క రోజు. ప్రమీల నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే ఇంత భయంగా ఉంటుందనుకోలేదు.

సెప్టెంబర్ 18, బుధవారం

తలుపులు తీయకముందే వార్డు ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. పక్కన రాజలింగం, ఇస్త్రీ చొక్కాలో.

కౌంటర్లో ఉన్న గుజరాతీ ఆవిడ తల ఎత్తకుండానే "వేరా తగ్గించే ఫారమా?" అంది.

"కాదు బెన్. పెంచేది."

తలెత్తింది. ఇంకోసారి చెప్పించుకుంది. పక్క కౌంటర్ మనిషిని పిలిచింది, అతను లోపలి మనిషిని పిలిచాడు. కాసేపటికి నా చుట్టూ నలుగురు చేరారు. తగ్గించమని, మాఫీ చేయమని, వాయిదా వేయమని అన్నిటికీ ఫారాలు ఉన్నాయట. పెంచమని అడిగే ఫారం లేదట. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. పెద్ద ఆఫీసర్ కళ్లజోడు తీసి, "కాకా, ఒంట్లో బాగానే ఉందా? ఇంట్లోవాళ్లకు చెప్పే వచ్చారా?" అని మెల్లగా అడిగాడు.

మొత్తం చెప్పాను, చనిపోయిన మేనమామతో సహా. బెన్ పవిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఫీసర్ నవ్వలేదు. తెల్ల కాగితం ఇచ్చి రాయమన్నాడు.

"ఈ రాజలింగం ఇరవై రెండేళ్లుగా నా ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు" అని రాశాను. "ఇంకా రాయండి. మీకు ఏమీ కాడని స్పష్టంగా రాయండి. లేకపోతే ఫ్లాట్ల వాళ్లు మళ్లీ పట్టుకుంటారు" అన్నాడు.

పెన్ను ఆగిపోయింది. జనవరిలో తమ్ముడని చెప్పడానికి ఒక్క క్షణం పట్టలేదు. ఈవేళ నాలుగు గుజరాతీ మాటలు రాయడానికి చెయ్యి రాలేదు. రాజలింగం వెనకనుంచి, "రాయన్నా, కాగితమే గదా" అన్నాడు. రాశాను. "నాకు ఇతను ఏమీ కాడు." రాసేసరికి కళ్ల నిండా నీళ్లు. యాభై ఆరేళ్లవాణ్ణి, వేరా కౌంటర్లో, అంతమంది ముందు.

ఆఫీసర్ కంగారుపడి నా భుజం తట్టాడు. "అయ్యో, బాధపడకండి కాకా, ఒక్కసారి కట్టనక్కరలేదు. వాయిదాలు చేస్తాను" అన్నాడు.

వాయిదాలు వద్దన్నాను. వాళ్ల నిబంధన ప్రకారం మూడేళ్ల పాత తేడా, దాని మీద వడ్డీ అక్కడే కట్టాను. ముద్ర వేసిన నకలు తీసుకుని ఆటోలో ఫ్లాట్ల సంగతి చూసే పెద్దాఫీసుకు పరుగెత్తాం. మూసే వేళకు పదిహేను నిమిషాల ముందు కాగితం తీసుకుని రసీదు ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఉధ్నా దగ్గరికొచ్చాక రాజలింగం అన్నాడు, "మరి నా వాటా పోయినట్టేనా అన్నా?"

నవ్వలేక చచ్చాను.

అక్టోబర్ 5

ఫ్లాటు ఖాయం. ప్రమీల మాట్లాడింది.

డిసెంబర్ 8, ఆదివారం

భూదేవి వచ్చింది. రెండు సంచులు, ఒక బియ్యం మూట, వద్దన్నా రొట్టె పెనం. రైలు దిగి నేరుగా ఫ్లాటుకే తీసుకెళ్లాం. నాలుగో అంతస్తు. ఒక గది, వంటగది, తెల్ల టైల్స్ వేసిన స్నానాల గది. ఆమె ఆ స్నానాల గదిలోకి వెళ్లి తలుపు లోపల గడియ పెట్టుకుని, చాలాసేపు బయటికి రాలేదు. ఏడుస్తుందేమోనని ప్రమీల తలుపు కొట్టింది. "ఏం లేదక్కా, గడియ ఏసుకొని సూస్తున్న" అంది లోపలినుంచి.

నా వేరా ఎక్కడికి పోతుందని ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చాను. ఆ గడియలో ఒక మేకు నాది అయ్యుండొచ్చు. ఈ మాట ప్రమీలకు చెప్పలేదు, చెబితే ఏడాదంతా అదే అంటుంది.

జనవరి 2, 2025

పై గదిలో ఆగయ్య, లింగం ఉన్నారు. మంచివాళ్లే. వెక్కిరించరు.

మే 6, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికే రాజలింగం వచ్చాడు. అక్కడినుంచి రెండు బస్సులు మారాలి. అదే ఇస్త్రీ చొక్కా. జేబులోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి కాగితం తీసి నా ఒళ్లో పెట్టాడు. ఫ్లాటుకు మొదటి వేరా బిల్లు.

"ఫోన్ల కట్టొచ్చు గదరా" అన్నాను.

"లైన్ల నిలబడి కడ్త. నువ్వు గూడ నడువ్."

నా బిల్లు కూడా తీసుకుని వెళ్లాం. ముందు పది పన్నెండు మంది ఉన్నారు. అందరూ విసుక్కుంటున్నారు, మున్సిపాలిటీని తిడుతున్నారు. వీడు మాత్రం పెళ్లికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"జర చదువు అన్నా, ఏం రాసిండ్రో" అన్నాడు.

చదివాను. పేరు, తండ్రి పేరు, ఫ్లాటు నంబరు, కట్టాల్సిన మొత్తం.

"మళ్ల ఒకసారి."

మళ్లీ చదివాను.

"మధ్యల నీ పేరు లేదు గదా?"

"నా పేరెందుకుంటుంది?"

"రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, దవాఖాన చిట్టీ, అన్నిట్ల నా పేరు కింద కేరాఫ్ శ్యాంసుందర్ అనే ఉండె. నీ ఇంట్ల ఎవలన్న ఇడిసిపోయిన సామాను లెక్క ఉన్న ఇన్నేండ్లు" అన్నాడు. బాధగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. "గీ ఊరు నన్ను పేరు పెట్టి పైసలడుగుడు గిదే మొదలు అన్నా."

మా వంతు వచ్చింది. వరుసలో నేనే ముందున్నాను. పక్కకు జరిగాను.

"నీదే ముందు కట్టు" అన్నాను.